రాష్ట్రపతి పేర తాకట్టు పడిన కారు

హబ్సిగూడ చౌరస్తాలో నిలబడితే ఒక దారి తార్నాకకు, ఒకటి ఉప్పల్‌కు, మరొకటి నాచారానికి పోతుంది. ఊరి పేరులోని ‘హబ్షీ’ అనే మాట అబిసీనియా దేశస్థులను తెలుపుతుంది కనుక, నిజాం కొలువులోని ఆఫ్రికా సైనికులతో ఈ చోటును ముడిపెట్టి చెబుతూ ఉంటారు. నేనెరిగిన హబ్సిగూడలో గుర్రాలూ లేవు, సైనికులూ లేరు. ఉన్నవి ప్రయోగశాలలు. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1977లో పుట్టిన సీసీఎంబీ, తార్నాక వైపు ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా, నాచారంలో పారిశ్రామిక వాడ. అంటే, ఒకటవ తారీఖు కోసం ఎదురుచూసే మనుషులు దండిగా ఉన్న పేట. మన దేశంలో చవక కారు చరిత్రను ఇక్కడి నుంచి చూడటానికి కార్ల దుకాణం అద్దాల కంటె జీతపు చీటీ ఎక్కువ పనికి వస్తుంది.

1980ల ఆరంభం దాకా కారంటే అంబాసిడర్, కాకుంటే ఫియట్. నెలజీతగాడికి స్కూటరే అందీ అందని వస్తువు. మన హైదరాబాదు ఆల్విన్ వారే ‘పుష్పక్’ పేరిట స్కూటరు చేసిన రోజులవి. రావణుని విమానం పేరు పెట్టుకున్న ఆ స్కూటరుపై భార్య వెనుకా, పిల్లవాడు ముందూ, చంటిపాప ఒడిలోనూ సాగిన ప్రయాణాలు ఎన్నో. ఆ విమానంలో ఎందరెక్కినా మరొకరికి చోటుంటుందని కదా ప్రతీతి!

సామాన్యునికి అందే చిన్న కారు చేయాలన్న తలంపు మాత్రం పాతదే. 1959లో ఎల్.కె. ఝా అధ్యక్షతన వేసిన సంఘం ఆ మాటే చెప్పింది. విదేశీ మారకద్రవ్యం లేదనీ, బస్సులే ముందు కావాలనీ వాదనలు నడిచాయి. 1971లో సంజయ్ గాంధీ ‘మారుతి’ పేరుతో కంపెనీ పెట్టి, జనానికి అమ్మగలిగిన కారు ఒక్కటైనా తయారు కాకుండానే దాన్ని మూసివేత దాకా తెచ్చాడు. 1980లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకుంది. 1981 ఫిబ్రవరిలో మారుతి ఉద్యోగ్ ఏర్పడింది. 1982 అక్టోబరులో జపాను సుజుకితో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా కొన్నవారికి అందాయి. మూడు సిలిండర్లు, 796 సీసీ, ధర 47,500 రూపాయలు.

చవక అన్నారు. నిజంగా ఎంత చవకో లెక్క కట్టి చూద్దాం. మూడవ వేతన సంఘం ప్రకారం కేంద్ర ప్రభుత్వంలో మొదటి తరగతి ఉద్యోగి ప్రారంభ స్కేలు 700–1300. కరవుభత్యం పక్కన పెట్టి మూలవేతనంతోనే భాగిస్తే ఆ కారు 68 నెలల జీతం. అయిదు సంవత్సరాల ఎనిమిది నెలలు తినకుండా, అద్దె కట్టకుండా దాచుకోవాలి. పేరు నమోదుకే 10,000 రూపాయలు ముందు కట్టాలి. అది 14 నెలల మూలవేతనం. అయినా 1983 వేసవిలో రెండు నెలల్లోనే సుమారు 1.35 లక్షల మంది కట్టారు! కట్టినవారు సంవత్సరాలు ఎదురుచూశారు. వంతు ముందుగా వచ్చినవారిలో కొందరు కారును ఇంటికి తేకుండానే పై డబ్బు తీసుకుని ఇతరులకు అప్పగించారు. ఆ కాలంలో మారుతి వాహనమే కాదు, ఒకరకంగా షేరు కాగితం కూడా.

1986లో కారు రూపం మారింది. అదే ఏడాది నాలుగవ వేతన సంఘం ఆ ఉద్యోగి మూలవేతనాన్ని 2,200 చేసింది. 1996 నుంచి అమలైన అయిదవ సంఘం 8,000 చేసింది. కారు ధర కూడా పెరిగింది గాని, జీతమంత వేగంగా పెరగలేదు. 90ల చివరకు మారుతి 800 సుమారు రెండు లక్షలకు చేరింది. 25 నెలల మూలవేతనం. 1998 ఒక్క సంవత్సరంలోనే మాటిజ్, శాంట్రో, ఇండికా వచ్చాయి. చూడటానికి అవి బాగుండేవి. మా వీధిలోకి వచ్చినవి మాత్రం 800లే.

ఇక్కడ కొంచెం నిలవాలి. ఎందుకంటే ఆ తరం మధ్యతరగతి కారును కొన్నది బ్యాంకుల వల్ల కన్న ‘మోటారుకారు అడ్వాన్సు’ అనే సర్కారు నియమం వల్ల అని నా నమ్మకం. బ్యాంకుల వారు ఫోను చేసి అప్పులిస్తామనే కాలం తర్వాత వచ్చింది.

నియమం ఇది. అయిదవ వేతన సంఘం తర్వాత, మూలవేతనం 10,500 దాటిన కేంద్ర ఉద్యోగి కారు కొనడానికి ముందస్తు సొమ్ము అడగవచ్చు. మొదటిసారి కొనేవారికి ఇచ్చేది 1,80,000 రూపాయలు, లేదా 11 నెలల మూలవేతనం, లేదా కారు ధర. ఈ మూడింటిలో ఏది తక్కువైతే అది. దీనిలోని మెలిక చూడండి. 10,500 వచ్చేవారికి దొరికేది 1,15,500. అంటే సగం కారు కంటె కొంచెం ఎక్కువ! పూర్తి 1,80,000 కావాలంటే మూలవేతనం 16,364 ఉండాలి. 8,000 స్కేలులో, ఏడాదికి 275 ఇంక్రిమెంటుతో చేరిన యువ అధికారికి పదోన్నతి రాకపోతే ఆ 10,500 గీత దాటడానికే పదేళ్ళు. గుమాస్తాలకు అది కనుచూపు మేరలో ఉండేది కాదు. వారికి స్కూటరు అడ్వాన్సు వేరే ఉండేది.

తీర్చే పద్ధతి మరీ విచిత్రం. అసలును 200 నెలవారీ వాయిదాల దాకా కోస్తారు. అసలు తీరాకే వడ్డీ మొదలు. 1,80,000కు నెలకు 900 రూపాయలు. వినడానికి ఎంత హాయి! అయితే 200 నెలలంటే పదహారేళ్ళ ఎనిమిది నెలలు. వడ్డీ 11.5 శాతం ఉన్న సంవత్సరాలలో, తరుగుతున్న నిలువపై లెక్క కడితే, మొత్తం వడ్డీ 1,73,000 దాటుతుంది. అసలుకు కవలసోదరి వంటిది. పదవీ విరమణ లోపల ఇదంతా ముగియాలి కనుక నలభై అయిదు దాటినవారికి 200 వాయిదాల సుఖం ఎటూ లేదు.

సొమ్ము చేతికి వచ్చిన నెలలోగా కారు కొనాలి. సమగ్ర బీమా చేయించాలి. ఆపై కారును భారత రాష్ట్రపతి పేర తాకట్టు పెడుతూ బాండు రాసివ్వాలి. మా పెదనాన్నగారు ఉప్పల్‌లోని ఒక కేంద్ర కార్యాలయంలో పనిచేసేవారు. 1999లో ఆయన మూలవేతనం 12,000. పదకొండు పన్నెండులు నూటముప్పైరెండు, 1,32,000 వచ్చింది. మిగిలింది భవిష్యనిధి నుంచి తీశారు. ఏసీ లేని తెల్ల మారుతి 800 వచ్చింది. పెద్దమ్మ హారతి ఇస్తుంటే, “జాగ్రత్తమ్మా, కారు మనది కాదు, రాష్ట్రపతి గారిది” అన్నారాయన. ఆ తరువాత గీత పడినప్పుడల్లా ఇంట్లో అదే మాట. పిల్లలం నిజంగానే ఎప్పుడో ఒకనాడు రాష్ట్రపతి భవనం నుంచి ఎవరైనా వచ్చి చూసిపోతారేమో అనుకునేవాళ్ళం.

అదే డబ్బులో సగానికి పదేళ్ళ నాటి ఫియట్ దొరికేది. ఇనుము గట్టిది, నలుగురూ కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. మిత్రులు చెప్పారు, ఆయన వినలేదు. ఇది డాబు కోసం అనుకునేవాణ్ణి. ఇప్పుడలా అనుకోను. నెలజీతగాడు పెద్ద ఖర్చుకు భయపడడు, చెప్పకుండా వచ్చే ఖర్చుకు భయపడతాడు. కొత్త కారు వాయిదా ప్రతినెలా ఒక్కటే. పాత కారు క్లచ్చి ప్లేటు ఏ నెలలో పోతుందో, ఆ నెలలోనే పిల్లవాడి కాలేజీ ఫీజు పడుతుందో లేదో ఎవరు చెప్పగలరు? ఇరుకు బడ్జెట్టులో కొత్త కారు కొనడం దుబారా అనేవారు ఆ లెక్కను మరచిపోతారు.

ఈ లోగా మన రాష్ట్రానికే కార్ల కర్మాగారం వస్తుందన్న ఆశ రెండుసార్లు పుట్టింది. 2005లో ఫోక్స్‌వాగన్ విశాఖకు వస్తుందని చెప్పి, ‘వశిష్ఠ వాహన్’ అనే సంస్థకు ప్రభుత్వం 11 కోట్లకు పైగా కట్టి, ఆనక నాలుక కరచుకుంది. కర్మాగారం పుణె దగ్గరి చాకన్‌కు పోయింది. రెండవది నానో. 2008 అక్టోబరులో టాటా వారు సింగూరు వదిలినప్పుడు ఆంధ్రప్రదేశ్ కూడా పిలిచిన రాష్ట్రాలలో ఒకటి. వారు గుజరాతులోని సానంద్‌కు వెళ్ళారు. చివరకు పెనుకొండ దగ్గర కియా కార్లు 2019లో రోడ్డెక్కాయి గాని, అవి ఇరుకు జేబుల కోసం చేసినవి కావు.

నానో సంగతి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. స్కూటరుపై వానలో తడుస్తూ వెళుతున్న కుటుంబాన్ని చూసి ఈ ఊహ కలిగిందని రతన్ టాటా చెప్పేవారు. 2008 జనవరి 10న ఢిల్లీలో చూపించారు, 2009 మార్చి 23న విడుదల చేశారు. 624 సీసీ, రెండే సిలిండర్లు, ఇంజను వెనుక, ఒకే వైపరు, చక్రానికి మూడే నట్లు. ‘లక్ష రూపాయల కారు’ పన్నులతో కలిపి ఢిల్లీలో సుమారు 1.23 లక్షలు పడింది. రెండు లక్షలకు పైగా పేర్లు నమోదైతే లాటరీ తీశారు. నన్ను ఆపిన అంకె మరొకటి. నమోదు చేసుకున్నవారిలో అతి చవక రకాన్ని అడిగినవారు 20 శాతమే. సగం మంది ఏసీ ఉన్న అన్నిటికంటె ఖరీదైన రకాన్నే కోరారు. ప్రపంచంలోనే చవకైన కారు కోసం వరుసలో నిలిచినవారు కూడా అందులో చవకైనది వద్దన్నారు!

అదే సమయంలో హబ్సిగూడలో ఆరవ వేతన సంఘం బకాయిలు చేతికి వచ్చాయి. 2008–09లో 40 శాతం, మరుసటి ఏడాది తక్కిన 60 శాతం. కొత్తగా చేరే అధికారికి గ్రేడ్ పేతో కలిపి 21,000. నానో ఆరు నెలల జీతమైంది. ఎవరికోసం చేశారో ఆ స్కూటరు మనిషికి నానో అప్పుడు నిజంగానే అందింది. నేను చూసినంతలో మా పేటలో బకాయిల సొమ్ము ఆల్టోలుగా, శాంట్రోలుగా మారింది, నానోలుగా చాలా కొద్దిగా మారింది. పేదవాడి కారు అని ముద్ర పడిన దానిని పేదరికం నుంచి అప్పుడే బయటపడుతున్నవాడు ఎలా కొంటాడు? చవక అన్న మాటతో అమ్మబూనడం పొరపాటైందని రతన్ టాటాయే తరువాత ఒప్పుకున్నారు. కొన్ని బండ్లకు నిప్పంటుకోవడం ఆ ముద్రకు తోడైంది. 2019 నాటికి నానో కథ ముగిసింది.

మారుతి 800ను అంతకు ముందే కాలుష్య నియమాలు వెనక్కు నెట్టాయి. 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 4 అమలైన నగరాలలో దాని అమ్మకం ఆగింది. వాటిలో హైదరాబాదు ఒకటి. 2014 జనవరిలో తయారీయే ఆగింది. అదే జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు మన చిన్న కార్లను గోడకేసి కొట్టి చూపించారు. గాలి సంచులు లేని ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో అయిదింటికీ పెద్దల భద్రతలో సున్న నక్షత్రాలు. ఆ వార్త చదివిన రాత్రి నాకు పెదనాన్నగారి కారులో శ్రీశైలం ఘాటు ఎక్కిన రోజు గుర్తుకు వచ్చింది. వెనుక సీటులో నలుగురు పిల్లలం, బెల్టు అన్న మాటే ఎరుగం. చవకలో కొంత భాగం మా ప్రాణాల లెక్కలోంచి తీసినదన్నమాట.

ఆ తరువాత నియమాలు వచ్చాయి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా ఒకేసారి, 2019లో ఏబీఎస్, డ్రైవరు గాలి సంచి, 2020లో భారత్ స్టేజ్ 6, ఆపై పక్క సీటుకూ గాలి సంచి. ఇవన్నీ రావలసినవే, ఆలస్యంగా వచ్చినవే. వాటితో ధర పెరిగింది. 2023లో ఆల్టో 800 కూడా వెళ్ళిపోయింది. తెలంగాణలో 2022 మేలో జీవితకాల పన్ను పెంచారు. అయిదు లక్షల లోపు కారుకే 13 శాతం. కాగితంపై ధరకూ రోడ్డెక్కే ధరకూ మధ్య దూరం ఒక పాత స్కూటరంత అయింది. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్లపై జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించాక, ఎస్-ప్రెసో 3.50 లక్షలకు, ఆల్టో కె10 3.70 లక్షలకు దిగాయి.

మళ్ళీ భాగహారం. ఏడవ వేతన సంఘం ఇచ్చిన 56,100తో 3.50 లక్షలను భాగిస్తే ఆరు నెలల చిల్లర. 68 నుంచి ఆరుకు! కరవుభత్యం కలిపితే ఇంకా తక్కువ. అయితే ఈ భాగహారం వేతన సంఘం నీడలో ఉన్నవారిది. అదే ప్రయోగశాలలో పనిచేసే జూనియర్ పరిశోధకునికి 2023 నుంచి 37,000. తొమ్మిది నెలలు దాటుతుంది, పైగా అతని కొలువు గడువు ఉన్నది. నాచారం షెడ్డులో లేతుపై నిలబడేవానికి ఏ సంఘమూ లేదు. అతడు ఇప్పటికీ మోటారుసైకిలుపై నలుగురిని ఎక్కించుకుని, హబ్సిగూడ చౌరస్తాలో, 2017 నుంచి నడుస్తున్న మెట్రో వంతెన నీడలో పచ్చ దీపం కోసం నిలబడతాడు. పుష్పక్ లేదు గాని ఆ ప్రయాణం ఉంది.

ఇంకొక సంగతి. 2016 అక్టోబరులో మోటారుకారు అడ్వాన్సును ప్రభుత్వం ఎత్తివేసింది. బ్యాంకులు ఉండగా ఇదెందుకు అనుకున్నారు కాబోలు. రాష్ట్రపతి పేర కార్లు తాకట్టు పెట్టడం దానితో ఆగింది.

పెదనాన్నగారి బాకీ అంతకు ముందే, పదవీ విరమణకు మూడు నెలల ముందు, వడ్డీతో సహా తీరింది. తాకట్టు విడిపించిన కాగితాన్ని ఆయన ఇంటి దస్తావేజులున్న పెట్టెలో పెట్టారు. కారు అమ్మినది ఆ తర్వాత రెండేళ్ళకు, నాచారంలోని ఒక డ్రైవింగు స్కూలుకు. తెల్ల రంగు మీద ఎర్ర ‘ఎల్’ అక్షరం రాయించుకుని, పక్క సీటు దగ్గర రెండవ బ్రేకు బిగించుకుని, చాలాకాలం ఆ వీధులలోనే తిరిగింది. సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు అది ఎదురైతే ఆయన ఆగి, గేరు మార్చే చప్పుడు విని, “క్లచ్చి మీద కాలు తియ్యడం లేదు” అని విసుక్కునేవారు.