రెండు వేళ్ల తేడా

పీసా గోపురం మీంచి గెలీలియో రెండు గుండ్లు వదిలితే ఒకేసారి నేలను తాకాయని బడిలో చదువుకున్నాం. ఆ కథ శిష్యుడు వివియానీ తర్వాతెప్పుడో రాసింది. 1586లోనే డెల్ఫ్ట్‌లో సైమన్ స్టెవిన్, ఒకదానికి మరొకటి పదింతల బరువున్న సీసపు గుండ్లను 30 అడుగుల ఎత్తు నుంచి చెక్కపలక మీద పడేశాడు. రెండు చప్పుళ్లూ ఒక్కటిగానే వినిపించాయి.

1638లో అచ్చయిన గెలీలియో గ్రంథం మాత్రం ఇంత నున్నగా మాట్లాడదు. అరిస్టాటిల్ లెక్కన నూరు పౌన్ల గుండు నూరు మూరలు దిగేసరికి ఒక పౌను గుండు ఒక్క మూరే దిగాలి. నిజానికి అది వెనకబడేది రెండు వేళ్ల మందమేనంటాడు గెలీలియో. ఆ రెండు వేళ్ల చాటున తొంభైతొమ్మిది మూరల తప్పు దాచకండని ప్రత్యర్థులను దెప్పుతాడు. వాదన ఆయనే గెలిచాడు. కానీ అసలు చిక్కంతా ఆ రెండు వేళ్లలోనే ఉంది.

ఆ తేడాకు కారణమైన గాలి అడ్డును అంకెల్లో పట్టాలనుకున్నవాడు న్యూటన్. 1710లో లండన్ సెయింట్ పాల్ కెథడ్రల్‌లో 220 అడుగుల ఎత్తున ఒక బల్ల అమర్చారు. దానికి ఒక పక్క బందులు, మరో పక్క చెక్క మేకు. మేకు లాగగానే బల్ల వాలి, దాని మీది గాజు బుడ్లు జంటగా జారిపోయేవి. కాలం కొలిచే లోలకం కూడా ఆ క్షణానే కదిలేది. పాదరసం నింపిన బుడ్డి సుమారు 4 సెకన్లలో దిగితే, గాలి బుడ్డికి 8కి పైగా పట్టింది.

1719లో శాస్త్రవేత్త డెసాగులియర్స్ అక్కడే 272 అడుగుల ఎత్తుకెక్కాడు. పంది మూత్రాశయాలను తడిపి, కర్ర అచ్చులో ఊది, గుండ్రంగా ఆరబెట్టి వదిలాడు. సీసపు గుండు నాలుగుంపావు సెకన్లలో దిగింది. ఇవి 17 నుంచి 22 సెకన్లు తీసుకున్నాయి. కొన్ని నిట్టనిలువునా దిగక అటూ ఇటూ ఊగాయి, ముడతలు పడ్డది మరీ వెనకబడింది. అయినా, అడ్డు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుందన్న న్యూటన్ లెక్కకు ఫలితాలు దగ్గరగానే వచ్చాయి. గ్రహాల గమనాన్ని తేల్చిన న్యూటన్ గ్రంథం ప్రిన్సిపియాలో పంది తిత్తుల లెక్కలూ ఉండటం నాకు భలే ముచ్చటేస్తుంది.

ఆ సూత్రం అన్నిటికీ చెల్లదు. మంచు తుంపరలాంటి సూక్ష్మమైన బిందువులకు అడ్డు వేగానికే అనుపాతమని 1851లో శాస్త్రవేత్త స్టోక్స్ చూపాడు. 1903 నుంచి ఐఫెల్ తన గోపురం రెండో అంతస్తు నుంచి నిలువు తీగ వెంట పలకలను జార్చి గాలి ఒత్తిడి కొలిచాడు. తర్వాత వస్తువును జార్చడం మానేసి, 1909లో గోపురం పక్కనే సొరంగం కట్టి దానిలోంచి గాలినే తోలాడు. విమానాలవాళ్లకు కావలసిందీ అదే.

గాలి లేని చోట ఏమవుతుందో 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద చూపించాడు. సుత్తి, డేగ ఈక కలిసే పడ్డాయి. గాలి ఉన్న చోటి సంగతి 2012లో స్కైడైవర్ బామ్‌గార్ట్‌నర్ దూకినప్పుడు తేలింది. సుమారు 39 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకాక, పలచని గాలిలో అతని వేగం గంటకు 1,357 కిలోమీటర్లకు చేరి ధ్వనిని దాటింది. కిందికి వచ్చేకొద్దీ గాలి చిక్కబడి, అడ్డు బరువుకు సమమయ్యే చరమ వేగం పడిపోయింది. పారాచూట్ విప్పకముందే, పడుతూనే, అతని వేగం తగ్గుతూ వచ్చింది.