గోడ మీది రంగు, గోడ వెనక కథ

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్న పెద్దలు ‘ఇంటికి రంగులు వేయించి చూడు’ అన్న మాట కూడా చేర్చి ఉండాల్సింది. ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు, ఇనుము, ఇసుక లెక్కల్లో మనల్ని అడిగేవారుండరు. తీరా రంగుల దగ్గరికి వచ్చేసరికి “నీకేది నచ్చితే అదే” అంటూ షేడ్ కార్డు మన చేతిలో పెట్టేస్తారు. అందులో చూస్తే ఒక్క ఆకుపచ్చే పదహారు రకాలు! కర్టెన్లకు నప్పుతుందా, మాపు కనబడుతుందా, చంటివాడు పెన్సిలుతో గీస్తే తుడిస్తే పోతుందా, మరిది పెళ్లిదాకా నిలుస్తుందా... ఇవీ మన ప్రశ్నలు. అన్నీ న్యాయమైనవే. కానీ వీటిలో ఒకటి తక్కువైందని చరిత్ర అంటుంది. “ఇంతకీ ఈ రంగులో ఏం కలిపారు?” అన్నదే ఆ ప్రశ్న.

అది అడగనందుకు కొందరు తల్లులు చాలా పెద్ద మూల్యమే చెల్లించారు.

1775లో షీలే అనే స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు రాగినీ పాషాణాన్నీ కలిపి ఒక ఆకుపచ్చ రంగు తయారుచేశాడు. పాషాణమంటే ఆర్సెనిక్, ఎలుకల్ని చంపడానికి వాడేదే. ఆ రంగు చవక, పైగా కంటికి నదురుగా ఉండేది. 1814లో జర్మనీలో అంతకన్నా మెరిసే ‘ఎమరాల్డ్ గ్రీన్’ బజారుకెక్కింది. దానిలోనూ పాషాణమే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లండులో గోడలకు బొమ్మల కాగితాలు అంటించుకునే సరదా బయలుదేరింది. 1836లో ఆ కాగితాల మీద పన్ను ఎత్తేశారు. తర్వాత యంత్రాల మీద అచ్చువేయడం వచ్చి ధర దిగింది. అంతవరకూ జమీందార్ల హాళ్లకే పరిమితమైన వైభవం గుమాస్తా ఇంటి పడకగదికి కూడా వచ్చింది. ఏ ఇంట్లో చూసినా ఆకుపచ్చని తీగలు, ఆకుపచ్చని ఆకులు.

1862లో లండన్‌లోని లైమ్‌హౌస్ పేటలో ఒకే ఇంట్లో నలుగురు పిల్లలు కొద్దివారాల వ్యవధిలో ఒకరి వెనక ఒకరు పోయారు. గొంతు జబ్బని మొదట అనుకున్నారు. చుట్టుపక్కల ఇంకెవరికీ అది సోకలేదు మరి! వైద్యం చేసిన డాక్టరు ఇల్లంతా కలయజూశాడు. నీళ్లూ బాగానే ఉన్నాయి, కాలువా బాగానే ఉంది. ఆయన కన్ను పిల్లల గదిలోని ఆకుపచ్చ కాగితం మీద పడింది. పరీక్ష చేయిస్తే దానిలో పాషాణం బయటపడింది. ఆ తల్లి ఎంత ముచ్చటపడి అంటించుకుందో ఆ కాగితాన్ని!

ఆ రోజుల్లో డిజైన్లకు పెట్టింది పేరు విలియం మారిస్. ఆయన గీసిన పువ్వులూ లతలూ ఇవాళ్టికీ తెరల మీద, దిండు గలేబుల మీద కనిపిస్తూనే ఉంటాయి. ఆయన తొలి కాగితాల్లో ఒకదాన్ని 2003లో పరీక్షిస్తే ఆకుపచ్చలో పాషాణం తేలింది. వారి కుటుంబానికి వాటాలున్న డెవన్ గనుల నుంచి రాగితోపాటు పాషాణం కూడా టన్నులకొద్దీ వచ్చేది. మారిస్ స్వయంగా కొన్నేళ్లు ఆ కంపెనీ డైరెక్టరుగా కూడా ఉన్నాడు. కాగితాల వల్ల జబ్బులొస్తాయన్న మాటను ఆయన నమ్మలేదు, డాక్టర్ల వెర్రి కింద కొట్టిపారేశాడు. అందాన్ని అంతగా ఆరాధించిన మనిషికి కూడా తన అందం వెనక ఏముందో చూడాలనిపించలేదు.

1890ల మొదట్లో గోసియో అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు మరో సంగతి కనిపెట్టాడు. గోడ చెమ్మగిల్లి బూజు పడితే, ఆ బూజు రంగులోని పాషాణాన్ని వెల్లుల్లి వాసన కొట్టే వాయువుగా మారుస్తుందట. ఆ వాయువుకన్నా రాలిపడే రంగు పొడే ఎక్కువ చేటు చేసి ఉంటుందని ఇప్పుడు కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఏదైతేనేం, గోడ చెడితే ఊపిరి చెడింది.

ఇందులో నన్ను ఆకట్టుకున్నది మరొకటి ఉంది. ఆ కాగితాలను నిషేధిస్తూ బ్రిటన్‌లో చట్టమేదీ రాలేదు. పత్రికల్లో రాతలు చదివి, కొనేవాళ్లు దుకాణంలో నిలబడి అడగడం మొదలుపెట్టారు. దాంతో తయారీదార్లు తమంతట తామే ‘పాషాణం లేని కాగితం’ అని ప్రకటించుకోవలసి వచ్చింది. దుకాణంలో నోరువిప్పి అడగడం చిన్న పనేమీ కాదు సుమండీ!

ఇక తెలుపు సంగతి. తెల్లరంగుకేం, అమాయకమైనది అనుకుంటాం. కానీ పాత ఆయిల్ పెయింట్లలో తెలుపంటే సీసపు తెలుపే. గట్టిగా పట్టుకుంటుంది, తళతళలాడుతుంది. 1890లలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో పిల్లలకు కడుపునొప్పులు, కాళ్లూ చేతులూ పట్టుదప్పడం, చూపు మందగించడం డాక్టర్లు గమనించారు. అది సీసపు విషమని పోల్చుకున్నారు గాని, ఎక్కడినుంచి వస్తున్నదో అంతుపట్టలేదు. 1904లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టరు దాన్ని తేల్చాడు. అక్కడి ఎండకు వరండా కటకటాల మీది రంగు పొడిపొడిగా లేస్తుంది. పిల్లలు ఆ కటకటాలు పట్టుకుని ఆడతారు, అవే వేళ్లు నోట్లో పెట్టుకుంటారు. అంతే! ఏ తల్లి ఆపగలదు పిల్లవాడి వేలు నోట్లోకి పోకుండా?

1921లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇళ్ల లోపలి రంగుల్లో సీసపు తెలుపును కట్టడి చేస్తూ ఒప్పందం చేసింది. మరుసటేడు బ్రిస్బేన్ ఉన్న రాష్ట్రంలో పిల్లల చేతికందే చోట్ల సీసం రంగు వేయకూడదన్నారు. అమెరికా 1978లో గాని మేలుకోలేదు. మనదేశంలో 2016లో నిబంధనలు చేశారు. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న ఆ కట్టడి 2017 నవంబరు 1 నుంచి అమలయింది. గిబ్సన్ చెప్పిన నూట పదమూడేళ్లకన్నమాట!

మరి మన అమ్మమ్మల గోడల మాట? వాళ్లకు షేడ్ కార్డు లేదు, ఉన్నది సున్నం. కోస్తా ఊళ్లలో గుల్లసున్నం, మిగతాచోట్ల రాతిసున్నం. పండగ వస్తోందంటే తొట్లో సున్నం నానేసేవారు. బుసబుసా పొంగి చల్లారాక వడగట్టి, చిటికెడు నీలిమందు, కాస్త బంక కలిపి కుంచెతో గోడలకు వెల్ల వేసేవారు. తెలంగాణలో ‘సున్నం, జాజు’ అని జంటగానే అంటారు. పైన తెల్లగా సున్నం, అడుగున ఎర్రగా జాజు పట్టీ. ఆ జాజు అచ్చంగా మట్టే.

సున్నం చేసే పని చిత్రమైనది. రాయిని కాలిస్తే దానిలోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. నీళ్లతో విరిసి గోడకు పూస్తే గాలిలోంచి ఆ వాయువునే తిరిగి తీసుకుని మళ్లీ రాయవుతుంది. దాని కారపు గుణానికి బూజూ క్రిములూ నిలవవు. చెమ్మను లోపలే బిగించకుండా బయటికి వదులుతుంది. 1591 నాటి చార్మినార్ సొగసైన గచ్చుపని సున్నంతో చేసిందే. పదహారో శతాబ్దపు లేపాక్షి బొమ్మలకు పీటవేసిందీ సున్నపు పూతే.

అలాగని సున్నాన్ని నెత్తికెత్తుకోనక్కర్లేదు. ఆనుకుంటే వీపుకంతా అంటుతుంది. తడిసున్నం చుక్క కంట్లో పడితే చూపుకే మోసం. ఏటేటా వేయాలి, ఆ చాకిరీ చేసిందీ ఆడవాళ్లే. అందుకే డిస్టెంపర్లు వస్తే హమ్మయ్య అనుకున్నాం. ఆర్.కె. లక్ష్మణ్ 1954లో కుంచె చేతికిచ్చి గీసిన ‘గట్టు’ అనే తుంటరి పిల్లవాడు, తరవాత నీళ్లతో కలిపే ఎమల్షన్లు మన ముందుగదుల్లోకి రంగుల్ని తెచ్చారు. రావలసిందే. రంగుల్లేని బతుకెందుకు?

కాకపోతే షేడ్ కార్డు పట్టుకున్నప్పుడు నాలుగు మాటలు గుర్తుంచుకుంటే చాలు. డబ్బా మీద సీసం లేదని రాసి ఉందో లేదో చూడండి. తలుపులకూ కిటికీ చువ్వలకూ వేసే ఎనామిల్ దగ్గర మరీ జాగ్రత్త, పిల్లల చేతులు ముందు పడేది వాటిమీదే. పాతింటి రంగు గీకించవలసి వస్తే పొడిపొడిగా గీకనివ్వకండి. తడిపి గీకించి, ఆ పెళ్లలు ఎత్తి పారవేసేదాకా పిల్లల్నీ కడుపుతో ఉన్నవాళ్లనీ ఆ ఇంట్లో ఉంచకండి. గోడ చెమ్మగా ఉంటే ముందు నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో చూసి బాగుచేయించండి. చెమ్మ మీద ఖరీదైన రంగు పూయించడమంటే జ్వరం మీద పౌడరు రాయడమే. కొత్త రంగు ఘాటు పోయేదాకా కిటికీలు బార్లా తీసి ఉంచండి.

గీకేటప్పుడు మేస్త్రీ ముక్కుకు గుడ్డ ఉందో లేదో కూడా ఒకసారి చూడండి. మనం ఆ గదిలో కాపురమే చేస్తాం గాని, రోజల్లా ఆ పొడి మింగేది అతనే. “ఏం కలిపారు బాబూ ఇందులో?” అని దుకాణంవాణ్ణి మీరడిగితే, ఆ జవాబు అతనికీ పనికొస్తుంది.