యగ్నోబ్ లోయ మాట

మన ఊళ్లు ఖాళీ చేయించేటప్పుడు చెప్పే కారణాలు మనకు తెలుసు. డ్యామ్ అంటారు, గని అంటారు, పులులు అంటారు. తజికిస్తాన్ కొండల్లోని యగ్నోబ్ లోయ జనానికి మాత్రం, మంచు చరియలు విరిగి మీద పడతాయి, మీ ప్రాణాల కోసమే తీసుకుపోతున్నాం అని చెప్పారు. 1970, 1971 సంవత్సరాల్లో సోవియట్ ప్రభుత్వం హెలికాప్టర్లు పంపి ఊరి తర్వాత ఊరిని ఎత్తుకుపోయింది. దించింది జఫరాబాద్ మైదానంలో. అక్కడ పత్తి చేలున్నాయి, చేలల్లోకి కూలీలు కావాలి. ప్రమాదం పైకి చెప్పిన మాట, పత్తి లోపలి మాట అని మేము అనుకుంటాము.

ఏడాదిలో సగం రోజులు మంచు కప్పే లోయలో పుట్టి పెరిగినవాళ్లు ఆ మైదానం ఎండకు తట్టుకోలేకపోయారు. జబ్బులు పట్టుకున్నాయి. చాలామంది చనిపోయారు. కొందరు నడిచి వెనక్కి పోతే మళ్లీ పట్టి తెచ్చారు. 1980ల నుంచి కొన్ని కుటుంబాలు తిరిగి లోయ చేరి, కూలిన గోడలు లేపుకుని గొర్రెలు, మేకలతో బతుకుతున్నాయి.

వాళ్ల మాట గురించి చెప్పాలి. దేశమంతా మాట్లాడే తజిక్ పారశీక భాషకు ఒక రూపం. యగ్నోబీ అది కాదు. ఒకప్పుడు సమర్‌కంద్ చుట్టూ మాట్లాడిన సోగ్దియన్ భాషల కుటుంబంలో నేటికీ నోటి మీద మిగిలింది ఇదొక్కటే. సోగ్దియన్ వర్తకులు పట్టుదారి వెంట చైనా దాకా పోయేవారు. 1907లో దున్‌హువాంగ్ దగ్గర పాత కావలి బురుజులో వాళ్ల ఉత్తరాలు దొరికాయి, నాలుగో శతాబ్దం నాటివి. వాటిలో ఒకటి, భర్త పరాయి ఊళ్లో వదిలేసి పోతే, కూతురితో దిక్కు లేక మిగిలిన మివ్‌నాయ్ అనే ఆమెది. ఆ కోపం ఆమె ఏమీ దాచుకోలేదు.

ఎనిమిదో శతాబ్దంలో అరబ్ సైన్యాలు వచ్చాయి. పంజికెంత్ ప్రభువు దేవష్తిచ్ కొండల్లోకి పారిపోయి 722లో పట్టుబడి చనిపోయాడు. అతని కాగితాలు 1932లో ముగ్ కొండ మీద ఒక గొర్రెలకాపరికి మొదట కంటబడ్డాయి. చదువుకున్నవాళ్లు ఎవరూ కాదు, గొర్రెలకాపరే. మన ఆదిలాబాద్ గుంజాలలో గోండి రాతప్రతులు బయటపడ్డ సంగతి ఎలా గుర్తు రాకుండా ఉంటుంది!

పల్లంలో ఆ భాష పారశీకంలో కరిగిపోయింది. దారి లేని యగ్నోబ్ లోయలో మాత్రం నిలిచింది. ఇల్లు 'కత్', నాలుక 'జివోక్'. పగటిని ఒక మాండలికం 'మేత్' అంటే ఇంకోటి 'మేస్' అంటుంది. ఆ తేడా వెనుక సోగ్దియన్ నాటి ఒక ధ్వనే ఉందని భాషావేత్తలు లెక్క కట్టారు. అంత ఉత్తరాలు రాసిన భాష ఇది. ఇప్పుడు రాయాలంటే తజిక్ వాళ్ల సిరిలిక్ అక్షరాలే దిక్కు.

జనాభా లెక్కల్లో వాళ్లను తజిక్ అనే రాసేవారు. 1989 భాషా చట్టంలో యగ్నోబీ పేరు ఎక్కింది, పామీర్ కొండల భాషలతో పాటు. కానీ బడిలో చదువు తజిక్‌లోనే. ఈ రోజు యగ్నోబీ మాట్లాడేవాళ్లు లోయలో కన్నా జఫరాబాద్‌లోనే ఎక్కువ. హెలికాప్టర్ దించిన పత్తి చేల మధ్య, అమ్మమ్మలు ఇంట్లో ఆ మాట వాడుతున్నారు. పిల్లలు తజిక్‌లో జవాబు చెబుతున్నారు.