ఒకే ఊరు, మూడు ఆటలు: స్లాక్ట్‌నీల్ కథ

ఇవాళ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీరు బాగా ఆడతారు. పక్క టౌన్‌లో పెద్ద టీమ్ ఉంది, అందులో ఆడాలని మీకూ ఉంది. కానీ రూల్ ఏంటంటే, మీరు మీ ఊరి టీమ్‌కే ఆడాలి. వేలం ఉండదు, జీతం ఉండదు. ఊరి టీమ్ ప్రతి ఏడాదీ ఓడిపోతున్నా అదే జెర్సీ వేసుకోవాలి. ఒప్పుకుంటారా?

ఐపీఎల్ చూసి పెరిగిన మనకి ఇది పిచ్చి రూల్‌లా అనిపిస్తుంది. కానీ ఐర్లండ్‌లో లక్షలమంది తరతరాలుగా దాదాపు ఇలాగే ఆడుతున్నారు. ఎందుకో తెలియాలంటే 1884కి వెళ్ళాలి.

అప్పుడు ఐర్లండ్ మొత్తం బ్రిటిష్ పాలనలో ఉంది. 1845లో మొదలైన కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు. ఇంకో పది లక్షలమంది ఓడలెక్కి వెళ్ళిపోయారు. ఊళ్ళు ఖాళీ అయ్యాయి, ఐరిష్ భాష తగ్గిపోయింది, పాత ఆటలు కూడా మరుగున పడ్డాయి. 1884 నవంబర్ 1న థర్లెస్ అనే టౌన్‌లో ఒక హోటల్ గదిలో కొద్దిమంది కూర్చున్నారు. మైఖేల్ క్యూసాక్ అనే టీచర్ పిలిచిన మీటింగ్ అది. అక్కడ పుట్టిన సంఘమే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, పొట్టిగా జీఏఏ.

ఈ సంఘం ఆటల్లో రెండు ముఖ్యం. ఒకటి గేలిక్ ఫుట్‌బాల్. ఇందులో బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు. రెండోది హర్లింగ్. యాష్ అనే చెట్టు కర్రతో చేసిన బ్యాట్ లాంటిది పట్టుకుని చిన్న తోలుబంతిని కొడతారు, బంతి బుల్లెట్‌లా పోతుంది. రెండింట్లోనూ టీమ్‌కి 15 మంది. గోల్ స్తంభాలు ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా ఉంటాయి. బంతి అడ్డకర్ర పైనుంచి వెళితే సాధారణంగా 1 పాయింట్, కిందనుంచి నెట్‌లో పడితే 3.

అసలు తెలివి ఆటల్లో కన్నా ఏర్పాటులో ఉంది. క్లబ్‌ని ఊరికి కట్టేశారు. చర్చి పరిధి, అంటే పారిష్, దాదాపుగా అదే క్లబ్ సరిహద్దు. నువ్వు ఎక్కడివాడివో అదే నీ క్లబ్.

ఇప్పుడు ఆ సరిహద్దుల్లో ఒకదాని లోపలికి వెళ్దాం. ఉత్తర ఐర్లండ్‌లో, డెరీ కౌంటీలో, కార్న్‌టోహర్ కొండ పాదాన స్లాక్ట్‌నీల్ అనే చోటు ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. దగ్గర్లో ఉన్న టౌన్ మఘెరా. మ్యాప్‌లో చూస్తే స్లాక్ట్‌నీల్ ఊరిలా కూడా కనిపించదు. రోడ్ల వెంట విడివిడిగా ఇళ్ళు, పొలాలు, గొర్రెలు. 1953లో వీళ్ళు క్లబ్ పెట్టుకుని రాబర్ట్ ఎమ్మెట్ పేరు పెట్టారు. 1803లో బ్రిటిష్ పాలన మీద తిరగబడి 25 ఏళ్ళకే ఉరికంబం ఎక్కిన యువకుడు ఆయన. పేరులోనే వీళ్ళ మనసు తెలుస్తోంది కదా!

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ సంఘం చరిత్ర అంతా తియ్యగా ఏమీ లేదు. 1971 వరకూ జీఏఏ సభ్యులు సాకర్, రగ్బీ, చివరికి క్రికెట్ కూడా ఆడకూడదు. 1938లో దేశ అధ్యక్షుడు డగ్లస్ హైడ్ ఒక సాకర్ మ్యాచ్ చూడటానికి వెళ్తే, ఆయన్ని కూడా గౌరవ పోషకుడి స్థానం నుంచి తీసేశారు! బ్రిటిష్ సైనికులకి, ఉత్తర ఐర్లండ్ పోలీసులకి 2001 దాకా సభ్యత్వమే లేదు. గొడవల కాలంలో దెబ్బతిన్న ఉత్తరాది కౌంటీల్లో చాలావరకు అప్పుడు కూడా ఆ నిషేధం ఎత్తేయడానికి ఒప్పుకోలేదు. గీత గీస్తే లోపలివాళ్ళు దగ్గరవుతారు, బయటివాళ్ళు బయటే మిగులుతారు. రెండూ నిజమే.

సరే, స్లాక్ట్‌నీల్‌కి వద్దాం. డెరీ కౌంటీ సీనియర్ ఫుట్‌బాల్ టైటిల్ మొదటిసారి గెలిచింది 2004లో. అంటే క్లబ్ పెట్టిన 51 ఏళ్ళకి! ఎన్ని ఓటములు చూసి ఉంటారో ఆలోచించండి. బయటినుంచి స్టార్‌ని కొనే దారి లేదు. ఉన్న దారి ఒక్కటే, ఊరి పిల్లల్ని తయారుచేసుకోవడం.

ఆ పిల్లలు పెద్దయ్యారు. 2016లో ఏం జరిగిందో వినండి. తొమ్మిది కౌంటీల అల్‌స్టర్ ప్రాంతంలో సీనియర్ ఫుట్‌బాల్ టైటిల్, హర్లింగ్ టైటిల్, అమ్మాయిలు ఆడే హర్లింగ్, అంటే కమోగీ టైటిల్, మూడూ ఒకే ఏడాది ఈ ఊరికే! అంతకుముందు ఏ ఊరూ ఇలా చేయలేదు. 2017లో మళ్ళీ మూడూ గెలిచారు.

మగవాళ్ళ రెండు టీమ్‌లలోనూ చాలావరకు అవే మొహాలు. ఈ ఆదివారం కర్ర పట్టినవాడే వచ్చే ఆదివారం ఫుట్‌బాల్ ఆడాలి. సోమవారం పొద్దున మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాలి, ఎందుకంటే ఆటకి జీతం లేదు. వాళ్ళలో క్రిస్సీ మెక్‌కేగ్ ఒకడు. ఆస్ట్రేలియాలో సిడ్నీ స్వాన్స్ అనే ప్రొఫెషనల్ క్లబ్‌కి వెళ్ళి, కొన్నేళ్ళకి తిరిగొచ్చి, మళ్ళీ ఊరి జెర్సీ వేసుకున్నాడు.

ఇక 2017 మార్చి. ఫుట్‌బాల్ టీమ్ ఆల్ ఐర్లండ్ క్లబ్ ఫైనల్‌కి వెళ్ళి, కిలార్నీకి చెందిన డాక్టర్ క్రోక్స్ చేతిలో రెండే పాయింట్ల తేడాతో ఓడింది. హర్లింగ్ టీమ్ సెమీఫైనల్‌లోనే ఆగిపోయింది. మరి ఆల్ ఐర్లండ్ సీనియర్ కప్పు ఊరికి మొదటిసారి తెచ్చింది ఎవరు? అమ్మాయిలు! 2017, 2018, 2019, వరసగా మూడుసార్లు. కెప్టెన్ ఈఫా నీ హసిజే. ఇంగ్లిష్‌లో క్యాసిడీ అనే ఇంటిపేరుని ఐరిష్‌లో అలా పలుకుతారు. ఈ ఇంటిపేరు వెనక ఇంకో కథ ఉంది. ఈ ప్రాంతంలో ఐరిష్ రోజువారీ మాటల్లోంచి దాదాపు పోయింది. 1990లలో తల్లిదండ్రులు పట్టుబట్టి చిన్న పిల్లలకి ఐరిష్ మీడియం బడి తెచ్చుకున్నారు. ఇప్పుడు అక్కడి మైదానంలో ఆ భాష మళ్ళీ వినిపిస్తోంది.

మొదటి ప్రశ్న గుర్తుందా? ఊరి టీమ్‌కే ఆడాలి అనే రూల్ సంకెళ్ళలా అనిపించింది కదా. వాళ్ళకి మాత్రం అదే వేరు. కరువు, వలస, గొడవలు ఊళ్ళని ఖాళీ చేస్తూ వచ్చినచోట, "ఇక్కడే ఉండు, నీ అవసరం ఉంది" అని ఒక పదేళ్ళ పిల్లాడికి చెప్పేది ఆ జెర్సీయే. కప్పులు తర్వాత వచ్చాయి, ఊరు ముందు నిలబడింది.

మీ ఊళ్ళో మిమ్మల్ని అలా పట్టి ఉంచేది ఏంటి? ఒకసారి ఆలోచించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!