అద్దె ఇంటి అరుగు: గెస్ట్‌బుక్ చరిత్ర మనకేం చెబుతుంది?



బాబాసాహెబ్ 1920లో 'మూక్‌నాయక్', 1927లో 'బహిష్కృత భారత్' ఎందుకు పెట్టారో మనకు తెలుసు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1931లో సొంతంగా పత్రిక ఎందుకు మొదలుపెట్టారో కూడా తెలుసు. వేరేవాళ్ల అచ్చు యంత్రం మీద మన మాటకు చోటు లేదు గనుక. ఇవాళ అందరి చేతిలో ఫోనుంది, ఎవరైనా రాయొచ్చు అంటున్నారు. నిజమే, కానీ ఆ యంత్రం ఎవరిదనే ప్రశ్న మాత్రం అలాగే ఉంది. అందుకే ఈ వారం పేజీకి అతికించుకునే చిన్న చిన్న మాడ్యూళ్ల చరిత్ర చెబుతాను. గెస్ట్‌బుక్, కౌంటర్, పోల్ లాంటివన్నమాట.

1994లో అమెరికాలో జియోసిటీస్ మొదలైంది. ఎవరైనా ఉచితంగా పేజీ పెట్టుకోవచ్చు. అక్కడ పేటలుండేవి, పేటలో ఇంటి నంబరు ఉండేది. సినిమా వాళ్లకు హాలీవుడ్, కంప్యూటర్ వాళ్లకు సిలికాన్ వ్యాలీ, రాజకీయాలకు క్యాపిటల్ హిల్. పేజీ పెట్టుకున్నవాళ్లను 'హోమ్‌స్టెడర్లు' అని పిలిచేవారు. అమెరికా చరిత్రలో ఆ మాటకు అర్థం, ఆదివాసుల నేల మీద పట్టా పొంది కాపురం పెట్టినవాడు. ఇక్కడ మాత్రం పట్టా కూడా లేదు, ఉత్త కాపురమే.

పేజీ అంటే గోడ. గోడ మీద రాస్తే అవతలివాడు చదివి వెళ్లిపోతాడు. గెస్ట్‌బుక్ పెడితే అది అరుగు అవుతుంది. వచ్చినవాడు కూర్చుని తన పేరు, ఊరు, మాట రాసి వెళతాడు. అరుగు మీద కూర్చోవడానికి లేని జాతిలో పుట్టిన మనకు ఆ తేడా ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అయితే అది పనిచేసే తీరు చూడండి. మీ పేజీ ఒక ఫైలు, కాపీ చేసుకుంటే మీ దగ్గరుంటుంది. గెస్ట్‌బుక్ అలా కాదు. చదివేవాడు ఫారం నింపి నొక్కగానే ఆ మాట కంపెనీ సర్వర్‌కు వెళుతుంది, అక్కడి ప్రోగ్రాం దాన్ని అక్కడే దాచి మళ్లీ చూపిస్తుంది. కౌంటర్‌లో అంకె కూడా అక్కడే పెరుగుతుంది. పేజీలో ఉండేది కిటికీ మాత్రమే, గది వాళ్లది.

1999లో యాహూ జియోసిటీస్‌ను సుమారు 357 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ ఏడాదే కొత్త షరతులు పెట్టి, జనం రాసిందాని మీద హక్కులన్నీ తనవే అన్నది. జనం తిరగబడ్డారు, పేజీలు ఖాళీ చేస్తామన్నారు. యాహూ వెనక్కి తగ్గింది. ఈ గెలుపును గుర్తుపెట్టుకోండి. కలిసి నిలబడితే కంపెనీ కూడా వింటుంది.

కానీ ఇల్లు మాత్రం వాళ్లదే. 2009 అక్టోబరులో అమెరికాలో జియోసిటీస్‌ను మూసేశారు. ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం రాత్రింబవళ్లు కూర్చుని దొరికినన్ని పేజీలు కాపీ చేసింది. అలా మిగిలిన గెస్ట్‌బుక్‌లలో పాత సంతకాలు కొన్నిచోట్ల కనిపిస్తాయి, కొత్తగా రాయబోతే తీసుకునేవాడు లేడు. అరుగు బొమ్మ మిగిలింది, అరుగు పోయింది.

బ్లాగర్‌లో 2004 దాకా సొంత వ్యాఖ్యల వసతి లేదు. జనం హాలోస్కాన్ లాంటి బయటి సేవల కోడ్ తెచ్చి అతికించుకున్నారు. ఆ సేవ 2010లో మూతపడింది. డబ్బు కట్టి కొత్త సేవకు మారండి, లేదంటే మీ వ్యాఖ్యలు దించుకోండి అన్నారు. ఆ మాట చెవిన పడని వాళ్లకు వ్యాసం మిగిలింది, దాని కింద జరిగిన వాదన పోయింది. పోల్, గెస్ట్‌బుక్, ఇద్దరి వాదన పెట్టే 'డ్యూయల్' లాంటి మాడ్యూళ్లతో పేరు తెచ్చుకున్న స్క్విడూ 2014లో హబ్‌పేజెస్‌లో కలిసిపోయింది.

మూసేది కంపెనీ ఒక్కటే అనుకోకండి. 2006 జూలైలో ముంబై రైలు పేలుళ్ల తర్వాత మన టెలికాం శాఖ కొన్ని సైట్లు ఆపమంటే, ఇంటర్నెట్ కంపెనీలు బ్లాగ్‌స్పాట్, జియోసిటీస్ మొత్తానికి తాళం వేశాయి. ఎవరి మీదో కోపానికి పేటంతా చీకటైంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీరిప్పుడు హాస్టళ్ల సమస్యల మీద ఫారాలు పెడుతున్నారు, స్కాలర్‌షిప్ రాలేదని పోల్స్ పెడుతున్నారు, వివక్ష మీద సాక్ష్యాలు వ్యాఖ్యల్లో సేకరిస్తున్నారు. మంచి పని, ఆపొద్దు. మన చరిత్రలో నాయకుల ప్రసంగాలు కొంతైనా దొరుకుతాయి. విన్న మనిషి ఏమన్నాడో, ఎక్కడ ఏడ్చాడో, ఎక్కడ ఎదురు ప్రశ్న వేశాడో దొరకదు. ఆ మాట ఉండేది ఈ మాడ్యూళ్లలోనే.

అందుకని మాడ్యూల్ పెట్టే ముందు మూడు సంగతులు చూసుకోండి. జవాబులు ఏ సర్వర్‌లో ఉంటాయి? వాటిని ఫైలుగా దించుకునే వీలుందా? రాసినవాళ్ల పేర్లు ఎవరి కంట పడతాయి? ఈ మూడోది చాలా ముఖ్యం. ఫిర్యాదు చేసిన పిల్లవాడి పేరు బయటపడితే దెబ్బ తగిలేది వాడికే, కంపెనీకి కాదు. నెలకోసారి దించుకుని, పేర్లు తీసేసిన ప్రతిని అచ్చు తీసి సంఘం ఆఫీసు బీరువాలో పెట్టండి. అసలు ప్రతిని నమ్మకస్తులైన ఇద్దరి దగ్గర విడివిడిగా ఉంచండి.

అద్దె ఇంట్లో ఉండటం నామోషీ కాదు, మనలో చాలామంది అక్కడే పుట్టాం. కాకపోతే, ఖాళీ చేయమన్న రోజున మూట కట్టుకోవడానికి మన సామాను మన చేతికి అందేలా ఉండాలి.

జై భీమ్.