మలయా రబ్బరు తోటలలో తెలుగు కాపురము

మన జిల్లాలనుండి సముద్రము దాటిపోయినవారిని గూర్చి చెప్పునపుడు ఎందఱు పోయిరి, ఏ యోడపై పోయిరి అని లెక్కించుట పరిపాటి. ఆ లెక్కలు కావలసినవే. కాని క్రొత్తగా పెండ్లియాడి, చంటిబిడ్డ నెత్తుకొని, కనివిని యెఱుగని ఉష్ణదేశమునకు పోయిన ఆలుమగలు అచట తెల్లవారినది మొదలు ప్రొద్దు క్రుంకువఱకు ఏమి చేసిరి, ఏమి తినిరి, బిడ్డ నెవరి కప్పగించిరి అని యడుగువారు అరుదు. నేటి మలేసియా దేశమున మలయా యని పేరొందిన ద్వీపకల్పము కలదు. అచటి రబ్బరు తోటలలో గత శతాబ్దపు పూర్వార్ధమున మనవారు సాగించిన సంసారమును గూర్చి యీ ప్రసంగమున మనవి చేయుదును.

రబ్బరుచెట్టు ఆ దేశపుది కాదు. దాని పుట్టినిల్లు బ్రెజిల్ అడవులు. 1876లో విక్‌హామ్ అను ఆంగ్లేయుడు దాని గింజలను లండను సమీపమున నున్న క్యూ తోటకు చేర్చెను. మఱుసటి సంవత్సరము 22 మొక్కలు సింగపూరునకు వచ్చినవి. 1900 తరువాత మోటారు బండ్లు హెచ్చి, చక్రములకు రబ్బరు కావలసివచ్చుటతో మలయా యడవులు నఱకబడి తోటలైనవి. చెట్టు పరదేశి, దొర పరదేశి, కూలియు పరదేశియే. ఆ దేశస్థులైన మలయులకు తమ వరిచేలు తమకుండెను. తోటకూలికి వారు రాలేదు. అందుచే దొరలు చెన్నపట్టణపు రాజధానివైపు చూచిరి. పోయినవారిలో అరవవారే మిక్కిలి. విశాఖపట్టణము, గోదావరి, చిత్తూరు ప్రాంతములనుండి తెలుగువారును పోయిరి. కట్టుబడి పత్రములు వ్రాయించుకొను పద్ధతి 1910తో నిలిచిపోయెను. అటుపిమ్మట కంగాణీ యను మేస్త్రీ తన యూరికే వచ్చి, తన బంధువులను, కులమువారిని వెంటబెట్టుకొని పోవుచుండెను. ఓడ ఖర్చులకై 1907లో తోటల యజమానులచే చందా కట్టించి యొక నిధి నేర్పఱచిరి. దానికి పెట్టిన పేరు తమిళ వలస నిధి. తెలుగువాడును ఆ పేరుతోనే ఓడ యెక్కెను. మన పేరు మనము చెప్పుకొననిచో ఇతరులు తమకు తోచిన పేరు పెట్టుదురు!

చెన్నపట్టణమునుండి పినాంగునకు పొగయోడలో సుమారు వారము దినముల ప్రయాణము. ఓడ దిగినవెంటనే తోటకు పోనీయరు. అంటురోగముల భయముచే తీరమునకు సమీపమున నున్న జెరెజాక్ దీవిలో కొన్నాళ్లు నిలిపియుంచి, పిమ్మట పంపెడివారు.

తోటలో వారికిచ్చిన యిల్లు ఒక గది. పది పండ్రెండు గదులు వరుసగా నొక కప్పుక్రింద నుండును. గది సుమారు 10 అడుగుల చదరము, దాని ముందు చిన్న వసారా. అందే వంట, అందే పడక. మన పల్లెలో పూరిపాక యైనను దానిచుట్టు జాగా యుండును, అత్తమామలుందురు. అచట గోడ కావలివాని దగ్గు కూడ వినవచ్చును గాని, అర్ధరాత్రి బిడ్డ యేడ్చినచో ఓదార్చుటకు అమ్మమ్మ లేదు.

ఆ సంసారమును నడపినది పతియు కాదు, పత్నియు కాదు, దొరయు కాదు, చెట్టు. ఇది మీకు సులభముగా బోధపడును. మన తాటిచెట్టును గీయువాడు వేళ తప్పినచో కల్లు చెడునని యెఱుగుదుము గదా! రబ్బరుచెట్టు గీతయు అట్టిదే. చల్లని వేకువను చెట్టునందలి పాలు బిగువుగా నుండి చక్కగా కారును. ఎండ యెక్కినకొలది ధార సన్నగిల్లును. ఇందు చెట్టెక్క నక్కఱలేదు. నిలుచుండియే బెరడుపై ఏటవాలుగా సన్నని పొరను వంపుకత్తితో చెక్కవలెను. కత్తి లోతునకు దిగినచో చెట్టు గాయపడి బొబ్బకట్టును. పైపైన గీచినచో పాలు రావు. మూడు నాలుగు వందల చెట్లు ఒక్కొక్కరి వంతు. ఈ పనిలో మగవారితో సమానముగ ఆడవారును నేర్పు గడించిరి.

కనుక ఇల్లాలు నాలుగు గంటలకే లేచి అన్నము వండవలెను. అయిదున్నర ప్రాంతమున పెరట్టు, అనగా హాజరు పిలుపు. చీకటి వీడకమున్నే ఆలుమగలు తమతమ వరుసలకు పోవుదురు. చెట్లన్నియు గీచి, కొంత విశ్రమించి, మరల మొదటి చెట్టునుండి చిప్పలలోని పాలను బొక్కెనలోనికి వంచుకొని, మధ్యాహ్నమునకు కార్ఖానాకు మోసుకొనిపోవలెను. అచట తూచి, వడకట్టి, పులుసు కలిపి తోడుపెట్టి, గట్టిపడిన పిదప రేకులుగా నొత్తి పొగలో నారబెట్టుదురు. తెల్లవారుజామున వాన కురిసినచో గీత లేదు. అది యొక కలుపుదినమైనను కావచ్చును, కూలి తఱిగిన దినమైనను కావచ్చును.

మఱి బిడ్డ మాట యేమి? ప్రతి తోటయందును ఆయా కొట్టమని యొక పాక యుండెడిది. పనికి పోలేని ముసలమ్మ యొకతె అందు కూర్చుండును. వాసములకు పాతచీరలు ఉయ్యాలలుగా కట్టి, చీకటివేళనే తల్లులు నిద్రించు బిడ్డలను అందు పరుండబెట్టి పోవుదురు. చెట్టు పాలు కారువేళయు చంటిబిడ్డ పాలకేడ్చు వేళయు ఒక్కటే యగుట ఆ తల్లికి వచ్చిన కష్టము. ఇందుచేత నేమి లాభించెనో అదియు చెప్పవలెను. తన పేర కూలి వ్రాయబడుట, తన చేతికి నాణెము వచ్చుట మన పల్లెటూరి కోడలికి చాలవఱకు క్రొత్త. 1920వ దశాబ్ది చివర ప్రధాన ప్రాంతములందు ప్రభుత్వము నిర్ణయించిన దినకూలి మగవానికి 50 సెంట్లు, ఆడుదానికి 40. ఆ తక్కువ న్యాయమని నేననను. సమానపు చెట్లకు సమానపు కూలి యుండవలసినది.

అన్నిటికన్న పెద్ద గండము చలిజ్వరము. ఇందు మన గడ్డకు సంబంధించిన కథ యొకటి కలదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రాస్ దొర, దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొనెను. నాలుగేండ్లలో ఆ విద్య మలయా చేరినది. 1901లో క్లాంగ్ అను పట్టణమున వాట్సన్ అను వైద్యుడు బురదనేలల నీటిని కాలువలు త్రవ్వి తీయించగా జ్వరము తగ్గెను. కాని కొండతోటలలో ఆ యుపాయము పాఱలేదు. అడవి నఱకుటచే ఎండతగిలిన తేటసెలయేళ్లలో వేఱొకజాతి దోమ పెరుగుచుండెను. అడవి కొట్టినందువలననే ఆ రోగము హెచ్చెనన్నమాట. తుదకు సెలయేళ్లను నేలలోపలి గొట్టములలోనికి మళ్లించి, నీటిపై నూనె చల్లవలసివచ్చెను. అంతవఱకు కూలివాండ్రకు దిక్కు చేదు క్వినైను.

తిండికి బర్మా బియ్యము, ఉప్పుచేప, చింతపండు. ఇంటివెనుక జానెడు నేల దొరకినచో మునగ, గోంగూర. తోటలోనే కల్లుదుకాణ ముండుటచే పలువురి కూలి సాయంకాలమునకే కరగిపోవుచుండెను.

బడిపంతులు వృత్తిలో నెరసినవాడను గనుక బడి మాట విడువలేను. బడియీడు పిల్లలు పదిమంది యున్న తోట బడి పెట్టవలెనని 1923నాటి శ్రామిక చట్టము శాసించెను. కాని తఱచుగా ఒక గుమాస్తాయో కంగాణీయో ఉపాధ్యాయుడు. బడి పెక్కుచోట్ల అరవబడి. ఇంటిలో తెలుగు మాటలాడు బిడ్డ పలకపై అరవ వ్రాసెను. తెలుగువారు గుంపుగా నున్న క్రింది పేరాకు కొబ్బరితోటలవంటి చోట్ల మాత్రము తెలుగు బడులకును భజనలకును కొంత నిలకడ యుండెను. ఒంటి కుటుంబములలో మూడవతరమునకు తెలుగు వినుటకే పరిమితమైనది. ఆ తల్లుల నెవరు తప్పుపట్టగలరు? వేకువను చెట్టునకు, మాపటికి పొయ్యికి పోగా అక్షరములు దిద్దించుటకు వారికి ఘడియ యెక్కడిది?

1930లో రబ్బరు ధర కూలిపోగా కూలిని 40, 32 సెంట్లకు దించిరి. లక్షకు పైగా జనులను ఓడలపై తిరిగి పంపివేసిరి. 1938లో కూలి మరల తగ్గింపబూనగా, భారతప్రభుత్వము ఆ యేటి జూన్ నెలలో తోటకూలీల వలసను నిషేధించెను. ఇక ఊరినుండి క్రొత్తబంధువులు రారు. ఉన్నవారే యొకరికొకరు దిక్కు.

1941 డిసెంబరులో జపానుసేన దిగెను. రబ్బరు కొనువారు లేరు, బర్మా బియ్యము రాదు. కఱ్ఱపెండలమే అన్నమాయెను, గోనెపట్టాయే బట్టయాయెను. సయామునుండి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గము వేయుటకు తోటల మగవారిని, అరవవారిని తెలుగువారిని, పనియిత్తుమని కొందఱిని, బలవంతముగా కొందఱిని కొనిపోయిరి. 1943 అక్టోబరులో ఆ మార్గము పూర్తియగులోపల వేలకొలది మంది కలరాచే, ఆకలిచే అడవులలోనే గతించిరి. 1945లో యుద్ధము ముగిసి తోటలు మరల తెఱచినపుడు, తిరిగిరాని వారి భార్యలు పలువురు, తమ పిల్లలను ఆయా కొట్టమున నుంచి, చీకటితో కత్తి చేతబట్టుకొని వరుసలకు పోయిరి.