చలిగాలిలో మోటారు సైకిలు

ధనుర్మాసమున, తెల్లవారుజామున, విశాఖ మన్యములోని లంబసింగి దారిని మోటారు సైకిలుపై పోయినవారికి ఒక సంగతి మేము చెప్పనక్కరలేదు. బండి ఆపి టీ దుకాణము ముందు నిలుచున్నంతసేపు చలి ఓర్వదగినట్లే తోచును. మరల బండి యెక్కి నాలుగైదు కిలోమీటర్లు పోవునప్పటికి వ్రేళ్లు కొంకర్లు పోవును, మోకాళ్లు తమవి కానట్లుండును, కంటినీరు చెవుల వైపునకు పారును. కొందఱు పాత వార్తాపత్రికను మడిచి చొక్కా లోపల ఱొమ్మునకు అడ్డముగా పెట్టుకొందురు. చూచువారికి నవ్వు వచ్చునేమో గాని ఆ పనిలో శాస్త్రమున్నది. చలికిని మోటారు సైకిలునకును గల ఈ వైరమునకు ఒక చరిత్రయు నున్నది.

మన ఒడలు తన చుట్టునున్న పలుచని గాలిపొరను తన వేడితో వెచ్చచేసికొని, దానినే దుప్పటివలె కప్పుకొని యుండును. గాలి వీచినచో ఆ దుప్పటి ఎగిరిపోవును. మోటారు సైకిలు నడుపువానికి గాలి వీవనక్కరలేదు. తన చలిని తానే పుట్టించుకొనును. ఎంత వేగముగా ఇల్లు చేరవలెనని చూచునో అంత ఎక్కువగా పుట్టించుకొనును.

ఈ సంగతిని అంకెలలోనికి తెచ్చినవారు పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అను ఇద్దఱు అమెరికనులు. 1939-41 సంవత్సరములలో అమెరికా ప్రభుత్వము దక్షిణ ధ్రువఖండమునకు పంపిన యాత్రలో వారుండిరి. ఒక చిన్న ప్లాస్టికు గొట్టములో నీరు పోసి ఆరుబయట వ్రేలాడగట్టి, ఎంత గాలిలో ఎంతసేపటికి ఆ నీరు గడ్డకట్టునో వ్రాసికొనిరి. వారి పరికరము అంతమాత్రమే. వారి లెక్కలు 1945లో అచ్చయినవి. 2001లో అమెరికా, కెనడా దేశములవారు సవరించుకొనిన సూత్రము ప్రకారము, 10 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవువాని ముఖమునకు అది 5 డిగ్రీలవలె తగులును. సున్న డిగ్రీలయందు అదే వేగమున మైనస్ 9 అగును. మైనస్ 20 అయినచో మైనస్ 36 అగును.

నడచువాడు నడకచేతనే వేడెక్కును. గుఱ్ఱమెక్కినవానికి గుఱ్ఱపు ప్రక్కల వెచ్చదనము కాళ్లకు తగులును. మోటారు సైకిలుపై వాడు కదలక కూర్చుండవలెను. పెట్రోలు మండగా పుట్టిన శక్తిలో సగమునకు పైగా వేడియై, పొగగొట్టమునుండియు సిలిండరుల రెక్కలనుండియు గాలిపాలగును. కాళ్ల నడుమ కుంపటి మండుచున్నను వాడు వణకుచునే యుండును. ఆ పోవు వేడిలో ఒక దోసెడు తిరిగి తెచ్చుకొనవలెనని మనుష్యులు పడిన పాటు రెండవ ప్రపంచ యుద్ధమున ప్రాణముల మీదికి వచ్చినది.

1941 జూన్ 22న జర్మను సేనలు సోవియట్ రష్యాపై దండెత్తినప్పుడు, టాంకు దళములతో కూడ మోటారు సైకిలు పటాలములు నడచినవి. పూర్వము అశ్వికదళము చేయుచుండిన పని వీరి పాలబడెను: ముందుగా పోయి దారి చూచుట, వంతెనలు పట్టుకొనుట, ఒక దళమునుండి మఱియొక దళమునకు ఆజ్ఞాపత్రములు చేర్చుట. వేసవిలో ఈ బండ్లు మైదానముల వెంట దుమ్ము రేపుచు పోయినవి. అక్టోబరు వానలకు దారులన్నియు అడుసైనవి. దిగబడిన బండ్లను మనుష్యులే త్రోయవలసివచ్చెను. నవంబరులో ఆ అడుసు గట్టిపడి మరల దారి యేర్పడినది గాని, దారి నిచ్చిన చలియే మనుష్యులను పట్టుకొనెను. డిసెంబరులో మాస్కో పరిసరములలో మైనస్ 30 డిగ్రీలకు దిగజారిన దినములు కలవు.

జర్మను మోటారు సైకిలు భటునకు రబ్బరు పూసిన పొడుగాటి కోటు నిచ్చియుండిరి. అది వానను చక్కగా ఆపును, వెచ్చదనము నీయదు. యుద్ధము చలికాలమునకు ముందే ముగియునని నమ్మిన పాలకులు ఉన్నిబట్టలు చాలినన్ని పంపలేదు. తుపాకి పట్టిన సిపాయి చేతులను చంకలలో దాచుకొనవచ్చును. బండి నడుపువానికి ఆ వీలు లేదు. వేగము పెంచు పిడి, క్లచ్చి, ముందు చక్రపు బ్రేకు, అన్నియు చేతులలోనే యున్నవి. వ్రేళ్లకు స్పర్శ పోయినచో బ్రేకు పోయినట్లే. రాత్రియంతయు నిలిచిన బండిలో నూనె జిగురువలె చిక్కబడి, కిక్కు త్రొక్కినను కదలకుండెను. ఒక్క మేలు మాత్రము చెప్పవలెను: గాలిచే చల్లబడు ఇంజను గనుక గడ్డకట్టి పగులుటకు అందులో నీరు లేదు.

రేడియో శ్రోతలకు జ్ఞాపకముండదగిన సంగతి యొకటి ఇచ్చట కలదు. 1941 డిసెంబరు 20న జర్మను ప్రచారమంత్రి గోబెల్స్ రేడియోలో మాట్లాడి, సిపాయిలకై ఉన్నిబట్టలు, బొచ్చుకోటులు, చేతితొడుగులు ఇచ్చివేయుడని ప్రజలను వేడుకొనెను. విజయవార్తలకే అలవాటుపడిన చెవులకు ఆ ప్రసంగము ఏమి తెలిపియుండునో ఊహించుకొనవచ్చును. ఆ చలికాలము గడచునప్పటికి మంచుకాటు పడినవారి సంఖ్య లక్షను మించెను. మఱుసటి మే నెలలో, ఆ చలికాలపు యుద్ధమున పాల్గొన్నవారికి ప్రభుత్వము ఒక పతకమును ఏర్పాటుచేయగా, సిపాయిలు దానికి ‘గడ్డకట్టిన మాంసపు పతకము’ అని పేరు పెట్టుకొనిరి.

బుద్ధి తరువాత వచ్చినది. 1941లోనే తయారు కాసాగిన బి.ఎమ్.డబ్ల్యు. ఆర్ 75, త్సూందాప్ కె.ఎస్. 750 అను బండ్లు సైడుకారు చక్రమునకు గూడ ఇంజను బలము నందించు దిట్టమైన యంత్రములు. తరువాతి చలికాలములకై వీనికి పొగగొట్టపు వేడిని గొట్టముల ద్వారా తెచ్చి చేతులకు, పాదములకు, సైడుకారులో కూర్చున్నవానికి అందించు ఏర్పాటు చేసిరి. దోసెడు వేడి దొరకినది గాని దొరకవలసిన కాలమునకు దొరకలేదు. క్రమముగా మోటారు సైకిలు పటాలముల పనిని ఫోక్స్‌వాగన్ కంపెనీ చేసిన నాలుగు చక్రముల తేలిక బండ్లు తీసికొనినవి.

ఎదుటి పక్షమున జరిగినదియు వినదగినది. సోవియట్ ప్రభుత్వము బి.ఎమ్.డబ్ల్యు. ఆర్ 71 ను మాదిరిగా గొని ఎమ్ 72 అను బండిని మాస్కోలో తయారుచేయుచుండెను. శత్రువు రాజధానిని సమీపింపగా, 1941 చివర ఆ కార్ఖానా యంత్రములను రైళ్లకెత్తి ఉరల్ పర్వతముల కావలనున్న ఇర్బిత్ అను చిన్న పట్టణమునకు తరలించిరి. జారుల కాలమున శీతకాలపు సంతకు పేరుపడిన ఊరది. ఉన్నియు బొచ్చుతోళ్లును అచ్చట రాసులుగా అమ్ముడుపోవుచుండెడివి. బీరు బట్టీ యొకటి కార్ఖానాగా మారెను. 1942 ఫిబ్రవరిలో, కఠినమైన చలిలోనే, మొదటి బండ్లు బయటికి వచ్చినవి. సోవియట్ భటులకు పొగగొట్టపు వెచ్చదనము లేదు. అయినను నొక్కి చేసిన ఉన్ని బూట్లు, చెవులు కప్పు టోపి, దూది కుట్టిన కోటు ఉండెను. మా దృష్టిలో ఆ ఉన్ని బూటు జర్మను ఇంజనీరుల గొట్టములకంటె గొప్ప యంత్రము. ఆ ఇర్బిత్ బండి సంతతియే నేటి ‘ఉరల్’. 2022లో యుక్రెయిను యుద్ధము మొదలైన పిదప దాని కూర్పును కజకస్థానమునకు మార్చిరి.

యుద్ధము ముగిసి పదునొకండేండ్లు కాకముందే, 1956 జనవరిలో, జర్మనీలో ఒక వింత జరిగెను. ఎర్నెస్ట్ లెవెర్కూస్ అను మోటారు పత్రికారచయిత, త్సూందాప్ కె.ఎస్. 601 బండ్లు గలవారిని స్టుట్‌గార్ట్ దగ్గఱ సోలిట్యూడ్ పందెపు బాట కడకు రమ్మని పిలిచెను. నడుచలికాలమున! ఆకుపచ్చ రంగుతో బలిసిన ఆ సైడుకారు బండిని జనులు ‘పచ్చ ఏనుగు’ అనుచుండిరి. అందుచేత ఆ కూటమికి ‘ఏనుగుల సభ’ అని పేరు నిలిచెను. మొదటి సభకు వచ్చినవారు ఇరువదిమందికి అటునిటు. పదునైదేండ్లకు ముందు ఆజ్ఞకు లోబడి భటులు పడిన పాటును వీరు వేడుకగా కోరి తెచ్చుకొనిరి. 1961 నుండి సభ నూర్బుర్గ్‌రింగ్ పందెపు బాటకు మారి, వేలమందికి పెరిగెను. బండ్లకు ఏనుగుతోనేమియు సంబంధము లేకున్నను ఎవరును అడ్డుచెప్పలేదు.

1989 నుండి ఈ సభ బవేరియా అడవులలోని సోల్లా అను పల్లెచెంత, కొండల నడుమ నొక పల్లములో జరుగుచున్నది. జనవరి చివరనో ఫిబ్రవరి మొదటనో, మంచుమీద గడ్డి పఱచి గుడారములు వేసి, నెగళ్ల చుట్టు కూర్చుందురు. నేటివారికి విద్యుత్తుతో వెచ్చబడు పిడులు, వెచ్చబడు చొక్కాలు కలవు. పొగగొట్టపు వేడిని గొట్టములలో తెచ్చుకొనవలసిన పని తీరినది. అయినను ఆదివారమునాడు గుడారములు పీకి, బండ్లమీది మంచు దులిపి, ఇండ్లకు బయలుదేరువారిలో పాతకాపులు కొందఱు కోటు బొత్తాములు పెట్టుకొనుటకు ముందు వార్తాపత్రికను విప్పి మడతపెట్టుచుందురు.